అయోనా గట్టు, కందకం: కొలంబా కాలానివేనా, అంతకన్నా పాతవా? (‘ఏటిగట్టు’, ‘మట్టిపొరలు’ అనే పేర్లతో ఇద్దరి మధ్య చర్చ)

ఏటిగట్టు:
స్కాట్లండ్ పడమటి తీరాన చిన్న దీవి అయోనా. 563లో ఐర్లండ్ నుంచి వచ్చిన కొలంబా అనే క్రైస్తవ సన్యాసి అక్కడ మఠం పెట్టాడు. చుట్టూ మట్టిగట్టు, కందకం. లోపల సుమారు 20 ఎకరాలు. దీన్ని తొలి క్రైస్తవ మఠ ప్రాకారానికి గొప్ప నమూనాగా చూపిస్తారు. కానీ గట్టు కింద దొరికిన పీట్, అంటే మొక్కలు కుళ్ళి ఏర్పడిన నల్లమట్టి, కొలంబా కంటే కొన్ని శతాబ్దాలు ముందుదని కార్బన్ పరీక్షలో తేలింది. అది పాత కోటే. సన్యాసులు వచ్చి అందులో దిగారు, అంతే.

మట్టిపొరలు:
అక్కడే తేడా వస్తోందండీ. నిన్న వేసిన చేనుగట్టు కింద కూడా తాతల నాటి మట్టే ఉంటుంది. గట్టు ఆ పీట్ కంటే తర్వాతది అన్నంతవరకే ఆ పరీక్ష చెబుతుంది. ఎంత తర్వాత అన్నది చెప్పదు.

కందకం సంగతి చూడండి. 1979 తవ్వకాల్లో ఒక భాగంలో తడిమట్టి తోలు చెప్పులను, గుండ్రంగా తిప్పుతూ చెక్కిన చెక్కపాత్రలను కుళ్ళనివ్వకుండా కాపాడింది. ఆ పొరలు ఏడో శతాబ్దానివి. అంటే అప్పటికే కందకం ఉంది, పూడటం కూడా మొదలైంది. కొలంబా పోయింది 597లో. కాలం సరిపోతోందిగా!

ఏటిగట్టు:
కందకం మాట ఒప్పుకుంటాను. కానీ ఈ ప్రాకారం ఒక్కసారిగా కట్టింది కాదు, పలుమార్లు మార్చారు. ఒక మూల దొరికిన చెప్పులతో మొత్తం చుట్టుకొలతకీ తేదీ వేసేస్తే ఎలా?

మట్టిపొరలు:
అది న్యాయమైన మాట. మొత్తం ఒకే ఏడు కట్టారని నేనూ అనను. నా వాదనల్లా, లోపల ఆ కాలంలో మనుషులున్నారన్న రుజువుతో కలిపి దీన్ని చూడాలని. 1957లో పురావస్తు శాస్త్రవేత్త చార్లెస్ థామస్ ఆవరణలోని తోర్ అన్ అబ అనే చిన్న గుట్ట మీద తవ్వి, కాలిపోయిన గుడిసె ఆనవాళ్ళు కనుక్కున్నాడు. ఆ బొగ్గుముక్కలను అగ్గిపెట్టెల్లో పెట్టి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఉన్న తన గ్యారేజీలో దశాబ్దాలు దాచాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షిస్తే 540–650 మధ్యవని తేలింది, 2017లో ప్రకటించారు. అది హేజెల్ అనే చిన్న చెట్టు కొమ్మల బొగ్గు. వందల ఏళ్ళ మాను కాదు కాబట్టి, కొట్టిన కాలానికీ ఆ తేదీకీ పెద్ద తేడా రాదు.

కొలంబా మిట్ట మీది గుడిసెలో కూర్చుని రాసుకునేవాడని అక్కడి మఠాధిపతి అడమ్నాన్, ఆయన పోయిన వందేళ్ళకు రాశాడు. ఈ గుడిసె అదేనని నేను పందెం కట్టను. కానీ అది కాలాక ఎవరో ఆ చోటును గులకరాళ్ళతో కప్పి, పైన శిలువ నిలబెట్టారు. మామూలు పశువుల పాకకు ఎవరైనా అంత చేస్తారా, చెప్పండి?