పెరట్లో కుక్క తవ్వే గోతులు: వల పరిచి ఆపాలా, తవ్వుకోడానికి చోటు ఇవ్వాలా? (విశాఖలో ఒకరి ప్రశ్న, నలుగురి జవాబులు)

మధురవాడ పెరడు
రెండేళ్ల మగ లాబ్రడార్. ఇంటి వెనక 150 గజాల పెరడు, ఎర్రమట్టి. గోతులు మూడు చోట్ల: కొళాయి పక్కన, కొబ్బరి పాదులో, తూర్పు ప్రహరీ గోడ మొదట్లో. పూడ్చిన రోజే మళ్లీ తవ్వేస్తోంది. పాదులో నెల కిందట చేపల తుక్కు, ఆముదం పిండి వేసి మట్టి కప్పాం. తెలిసినవాళ్లలో కొందరు ఇనప వల పరచమంటున్నారు, కొందరు ఇసుక గొయ్యి కట్టివ్వమంటున్నారు, ఇంకొందరు కారం చల్లమంటున్నారు. రెండు పనులకూ డబ్బు పెట్టలేం. ఏది నిలుస్తుందో కారణంతో చెప్పండి.

గోపాలపట్నం తోట
వలే. తవ్వడానికి చోటిస్తే తవ్వే అలవాటు ఇంకా బలపడుతుంది. గోరు దిగకపోతే రెండు మూడు వారాల్లో ఆ చోటు వదిలేస్తుంది.

మొక్కల మడుల్లో పైమట్టి 2 అంగుళాలు తీసి చికెన్ మెష్ (సన్న తీగతో అల్లిన వల) పరవండి. కోసిన అంచులు కిందికి మడవాలి, లేకపోతే తీగ మొనలు పాదాల్లో దిగుతాయి. అడుగున్నరకొకటి చొప్పున యు ఆకారంలో వంచిన కడ్డీ దిగ్గొట్టి మట్టి కప్పేయండి. మొక్క మొదలు చుట్టూ 6 అంగుళాలు ఖాళీ ఉంచండి, కాండం లావెక్కాక తీగ కోసుకుపోతుంది.

గోడ దగ్గర వెల్డ్ మెష్ (తీగలు వెల్డింగ్ చేసిన గట్టి వల) వాడాలి. 2 అడుగుల వెడల్పు పట్టీని ఎల్ ఆకారంలో వంచి, అర అడుగు గోడకు మేకులు కొట్టి, అడుగున్నర నేలమీద పడుకోబెట్టి పైన 3 అంగుళాల మట్టి. కుక్క ఎప్పుడూ గోడ మొదట్లోనే తవ్వడం మొదలెడుతుంది. అక్కడ గోరు తీగకు తగిలితే అడుగున్నర వెనక్కి జరిగి మొదలెట్టాలన్న ఆలోచన దానికి రాదు.

కుక్కల ట్రైనర్
మూడు గోతులకూ ఒకటే మందు అనుకోవడమే ఇక్కడ పొరపాటు. ముందు గొయ్యి ఎలా ఉందో చూడాలి.

కొళాయి పక్కది వెడల్పుగా, జానెడు లోతులో, కుక్క ముడుచుకుంటే పట్టేంత ఉంటుంది. తవ్వి అందులోనే పడుకుంటుంది. అది వేడికి. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పెద్దగా పట్టదు, వగర్చే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వగర్చినా ఉపశమనం అంతంతమాత్రం. తడిమట్టి దానికి అవసరం. మీరు అక్కడ వల పరిస్తే పక్కనే మరోటి తవ్వుతుంది.

పాదులోది వాసనకు. చేపల తుక్కు పాతిపెట్టి లాబ్రడార్‌ను దూరంగా ఉండమంటే ఉండదు.

గోడ దగ్గరది సన్నగా, లోతుగా, ఒక దిక్కుకు సాగుతూ ఉందా? చెవులు నిక్కబొడుచుకుని, ముక్కు మట్టిలో పెట్టి, ఒకే చోట రోజూ తవ్వుతోందా? అయితే పందికొక్కు. గోడ కింద పెద్ద కన్నం, బయట మెత్తటి మట్టి కుప్ప కనపడతాయి. అలా కాకుండా గోడ పొడవునా నాలుగైదు చోట్ల గీకి ఉంటే బయటపడాలని చూస్తోంది: చుట్టుపక్కల ఎదకొచ్చిన ఆడకుక్క ఉండాలి, లేదా బాణసంచా, ఉరుముల భయం.

చోటివ్వడం మీద నా మాట ఇది. రోజూ ఉదయం 7 లోపు, సాయంత్రం 6 తర్వాత అరగంటకు పైగా నడిపించి, డ్రైఫుడ్‌లో సగం గడ్డిలో చల్లి ముక్కుతో వెతుక్కోనిచ్చినా తవ్వే కుక్కకు గొయ్యి కట్టండి. అది తీరని కోరిక, దారి ఇవ్వాల్సిందే. నడక లేని కుక్కకు గొయ్యి కట్టడం వృథా ఖర్చు.

పశువైద్యం
వలా గొయ్యా అన్నది తర్వాత తేల్చుకుందురు. పాదులోంచి ఆముదం పిండి ఈ రోజే తీసేయండి. అందులో రైసిన్ అనే విషం మిగిలి ఉండొచ్చు. చేప వాసనకు కలిపి తినేస్తే కొన్ని గంటల్లోనో మరుసటి రోజుకో వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. విరుగుడు లేదు, సెలైన్ పెట్టి కాపాడుకోవడమే. బదులుగా బాగా మాగిన పశువుల ఎరువు వేయండి. ఎముకల పొడి కూడా వద్దు, ఎక్కువ తింటే కడుపులో గట్టిపడి అడ్డం పడుతుంది.

కారం చల్లకండి. తవ్వేటప్పుడు మట్టితోపాటు కళ్లలోకి చిమ్ముతుంది. మంటకు కుక్క పంజాతో రుద్దుకుని కంటిపొర గీరుకుంటుంది. ఒక వాన పడితే కారం ఎలాగూ కొట్టుకుపోతుంది. కలరా ఉండలు, గుళికల మందు పాతిపెట్టేవాళ్లూ ఉన్నారు, రెండూ విషమే.

పందికొక్కే అయితే ఎలుకల మందు బిళ్లలు పెట్టకండి. మందు తిన్న ఎలుకను కుక్క తింటే దానికీ ఎక్కుతుంది. రెండు మూడు రోజులు పైకి ఏమీ తెలియదు, తర్వాత లోపల రక్తస్రావం. ఇనప బోనులో ఎండుచేప ముక్క కట్టి, కన్నం ఎదురుగా గోడ వారగా రాత్రి పెట్టండి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు ఏటా టీకా వేయించారో లేదో చూసుకోండి. ఆ కన్నాల్లో పాములు కూడా చేరతాయి, తవ్వుతుంటే పట్టీ పట్టుకుని పక్కకు తీసుకెళ్లాలి.

ఎన్ఏడీ మేస్త్రి
వల వేసేవాళ్లకు ఒక మాట. మన ఊరి ఉప్పుగాలికి మామూలు ఇనప చికెన్ మెష్ తొందరగా చివికిపోతుంది. తీగ తెగి మొనలు పైకి లేస్తే కుక్క పాదంతోపాటు కలుపు తీసేవాళ్ల చేతులూ కోసుకుంటాయి. జీఐ (జింక్) పూత గట్టిగా ఉన్నది, ఇంకా మంచిదంటే ప్లాస్టిక్ తొడుగున్నది కొనండి. కోసిన చోటల్లా జింక్ పెయింట్ పూయాలి.

గోడ మొదట్లో వల బదులు 2 అడుగుల కడప బండలు పరిస్తే తుప్పు గొడవ ఉండదు. నీడలో మాత్రమే వేయండి. ఎండ తగిలే చోట మధ్యాహ్నం ఆ నల్లరాయి మీద కుక్క పాదం కాలుతుంది.

గోపాలపట్నం తోట
తుప్పు విషయం ఒప్పుకుంటాను. కొబ్బరి పాదులో వల మాట కూడా వెనక్కి తీసుకుంటాను: వేళ్లు పైపొరలోనే అల్లుకుని ఉంటాయి, కడ్డీలు దిగ్గొడితే తెగుతాయి. ఎరువు మార్చి, పైన కొబ్బరి పీచు, మట్టలు మందంగా కప్పితే చాలు.

గొయ్యి మాత్రం ఒప్పుకోను. తడి ఇసుకలో కొంకి పురుగులు పెరుగుతాయి, వీధి పిల్లులు అక్కడే దొడ్డికి కూర్చుంటాయి. పిల్లలున్న ఇంట్లో వట్టికాళ్లతో తిరిగితే ఆ పురుగులు చర్మంలోకి దూరతాయి.

కుక్కల ట్రైనర్
ఆ ప్రమాదం ఉన్న మాట నిజమే. అందుకే రాత్రి టార్పాలిన్ కప్పాలి, మలం ఏ పూటకాపూట తీసేయాలి, నట్టల మందు మూడు నెలలకొకసారి. ఇవి చేయలేనివాళ్లు గొయ్యి కట్టకపోవడమే మేలు.

కట్టేవాళ్లకు: పొడవు 6, వెడల్పు 4, లోతు ఒకటిన్నర అడుగులు. అడుగు లోతు తవ్వి, అర అడుగు ఇటుక గట్టు లేపితే అక్టోబరు వానల్లో చుట్టుపక్కల నీళ్లు లోపలికి రావు. అడుగున 3 అంగుళాల కంకర, పైన నాగావళి ఇసుక. మొత్తం నింపడానికి 36 ఘనపుటడుగులు, టన్నున్నరకు పైమాటే. బీచ్ ఇసుక వద్దు, ఉప్పు. చిన్న జాతి కుక్కకైతే 4 అడుగుల వ్యాసం సిమెంటు ఒర ఒకటి దించితే సరిపోతుంది.

మొదట బొమ్మను సగం బయటికి కనపడేలా పాతండి, తర్వాత వేలెడు లోతు, ఆపైన జానెడు. వేరే చోట తవ్వుతుంటే అప్పుడే పిలిచి గొయ్యి దగ్గరకు తీసుకెళ్లి, అక్కడ తవ్వగానే మెచ్చుకోండి. గంట తర్వాత వేరే చోట తవ్విన గుంట చూపించి తిట్టినా కొట్టినా దేనికో దానికి అర్థం కాదు. మీరు రాగానే నక్కడం నేర్చుకుంటుంది, అంతే.

మధురవాడ పెరడు
ఆముదం పిండి పైమట్టితో సహా ఎత్తించేశాం. గోడ అవతల మట్టి కుప్ప ఉంది, కన్నమూ ఉంది. పందికొక్కే. బోను పెడతాం. అప్పటిదాకా పగలంతా గొలుసుతో కట్టేయమంటున్నారు ఇంట్లో. సరేనా?

పశువైద్యం
వద్దండి. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పైగా కట్టేసిన చోటే గొయ్యి తవ్వుతుంది. పెరడు మధ్యలో తాత్కాలికంగా వెదురు తడిక అడ్డం పెట్టి గోడ వైపు పోకుండా చేయండి.

కొళాయి దగ్గర 75 శాతం గ్రీన్ షేడ్ నెట్ కట్టండి, పడమర వైపు కిందికి దించి, సముద్రం వైపు తెరిచి ఉంచి. కింద అర అడుగు ఎత్తున చిన్న నవారు మంచం, పక్కన అరడుగు నీళ్లు పట్టే తొట్టి. దోమలు గుడ్లు పెట్టకుండా ఆ నీళ్లు రోజూ పారబోయాలి.

గోపాలపట్నం తోట
అంటే డబ్బంతా గోడకే పెట్టొచ్చు. షేడ్ నెట్‌కు పెద్ద ఖర్చు లేదు, గొయ్యి అవసరమే లేదు.

కుక్కల ట్రైనర్
ఈ కుక్కకు అంతే, ఒప్పుకుంటున్నాను. నీడ ఇచ్చి, నడక పెంచి నెల చూశాక కూడా కొత్త చోట్ల తవ్వితే అప్పుడు గొయ్యి గురించి మాట్లాడదాం.

ఎన్ఏడీ మేస్త్రి
గోడ పని తొందరపడి మొదలెట్టకండి. పందికొక్కులు లోపల ఉండగా మూస్తే పక్క నుంచి తవ్వుకొస్తాయి, కుక్క మళ్లీ వాటి వెనకే. సాయంత్రం కన్నం నోట్లో వదులుగా కాగితం కుక్కండి. పొద్దున్నకి అది కదిలి ఉంటే ఇంకా ఉన్నట్టే. వరసగా నాలుగు రాత్రులు కదలకపోతే అప్పుడు 20 ఎంఎం కంకర చిప్స్ కలిపిన సిమెంటు కూరండి. గాజుపెంకులు కలపొద్దు, కుక్క మళ్లీ అక్కడే గీకుతుంది. సిమెంటు మీద మూడు రోజులు నీళ్లు చల్లాక వల పట్టీ కొట్టించండి.