ఇళ్ల క్లీనింగ్ నుంచి ఆఫీసులు, క్లినిక్‌ల కాంట్రాక్టులకు వెళ్లడం ఎలా?

కూకట్‌పల్లి_క్లీనింగ్:
అందరికీ నమస్కారం. కూకట్‌పల్లి, మియాపూర్ ప్రాంతాల్లో ఐదుగురు పనివాళ్లతో ఇళ్ల డీప్ క్లీనింగ్ చేయిస్తున్నాను. దసరా, సంక్రాంతి ముందు ఊపిరి సలపని పని ఉంటుంది. ఆషాఢంలో గృహప్రవేశాలు ఆగిపోగానే పని పలచబడుతుంది, జీతాలు మాత్రం ఆగవు. అందుకే నెలవారీ కాంట్రాక్టుల కోసం ఆఫీసులకు కొటేషన్లు మెయిల్ చేస్తున్నాను. జవాబే రావడం లేదు. మీరు మొదటి కాంట్రాక్టు ఎలా సంపాదించారో చెప్పగలరా?

బెజవాడ_బాబాయి:
మెయిల్ పంపితే కాంట్రాక్టు వచ్చినవారిని నేనైతే చూడలేదండీ. పెద్ద ఐటీ క్యాంపస్‌ల జోలికి ఇప్పుడే వెళ్లకండి, అక్కడ పెద్ద ఏజెన్సీలు పాతుకుపోయి ఉంటాయి. డెంటల్ క్లినిక్‌లు, డయాగ్నొస్టిక్ సెంటర్లు, కోచింగ్ సెంటర్లు, బట్టల షోరూములు చూడండి. అక్కడ నిర్ణయం తీసుకునే యజమాని మీకు నేరుగా దొరుకుతారు. మా బెంజి సర్కిల్ వైపు నాకు మొదట దొరికినది ఒక దంత వైద్యశాల. ఒక ఆదివారం వెళ్లి, ఉచితంగా కాకుండా తక్కువ రుసుముకు, మరుగుదొడ్లు, గాజు తలుపులు శుభ్రం చేసి చూపించాము. ఆ డాక్టరు గారి మాట మీద అదే భవనంలోని ఇంకో రెండు క్లినిక్‌లు వచ్చాయి. ఒకే భవనంలో పనులుంటే మనిషి తిరిగే సమయం, పెట్రోలు రెండూ మిగులుతాయి కనుక, కొత్త వీధికి వెళ్లేకంటే పాత భవనంలోనే పై అంతస్తు ఎక్కడం లాభం.

మాదాపూర్_అడ్మిన్:
నేను కాంట్రాక్టు ఇచ్చే వైపు ఉన్నవాణ్ణి. నా బల్ల మీదికి వచ్చే ప్రతి కొటేషన్‌లోనూ "నాణ్యమైన సేవ" అని ఉంటుంది, దానితో నాకు పని లేదు. సోమవారం ఉదయం మీ మనిషి రాకపోతే ఎన్ని గంటల్లోగా ఇంకొకరు వస్తారు, పనివాళ్లకు పోలీసు వెరిఫికేషన్ అయిందా, పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) సొమ్ము కట్టిన చలాన్లు బిల్లుతో జతచేస్తారా అన్నవే నేను చూస్తాను. కాంట్రాక్టరు ఆ సొమ్ము కట్టకపోతే బాధ్యత ప్రధాన యజమానిగా మా కంపెనీ మీద పడుతుంది. కొటేషన్ ఇచ్చేముందు స్థలం చూడటానికి రానివారిని నేను పిలవను. చదరపు అడుగులు ఫోనులో అడిగి ధర చెప్పేవారికి, మార్బుల్ నేల మీద యాసిడ్ పోస్తే మెరుపు పోతుందన్న సంగతి తెలుసో లేదో నాకెలా తెలుస్తుంది?

విశాఖ_హౌస్‌కీపింగ్:
ధర తగ్గించి పని పట్టుకుందామని చాలామంది అనుకుంటారు. ఒకసారి లెక్క చూడండి. జీతం 15,000 అనుకుంటే, యజమాని వాటాగా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, అంటే 1,950, ఈఎస్ఐ 3.25 శాతం, దాదాపు 488, బోనస్ 8.33 శాతం, 1,250. వారపు సెలవు రోజున బదులుగా వచ్చే మనిషికి (రిలీవరుకు) సుమారు 2,300. మొత్తం 21,000 దగ్గర ఆగుతుంది. ఇందులో ఫినాయిల్, మాపులు, మీ లాభం ఇంకా చేరలేదు. పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి కాబట్టి మీ ఐదుగురికి ఇప్పుడు ఆ ఖర్చు ఉండకపోవచ్చు. కానీ ఈ రోజు ఆ లెక్క లేకుండా ధర చెప్తే, పదో మనిషిని పెట్టుకునే రోజున పాత క్లయింట్ల దగ్గరే నష్టం మొదలవుతుంది.

బెజవాడ_బాబాయి:
విశాఖ వారి ధర లెక్కకు ఒక చేర్పు. మన బిల్లు మీద పడే జీఎస్టీ 18 శాతం ఐటీ కంపెనీకి భారం కాదు, వారు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటారు, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకుంటారు. వైద్యసేవలకు పన్ను మినహాయింపు ఉండటంతో క్లినిక్‌కు ఆ క్రెడిట్ రాదు, 18 శాతం అచ్చంగా ఖర్చే. వార్షిక టర్నోవరు 20 లక్షలు దాటని మీవంటివారు రిజిస్ట్రేషన్ లేకుండానే క్లినిక్‌లకు పని చేయవచ్చు కనుక, అక్కడ పెద్ద ఏజెన్సీ కంటే మీ ధరే సహజంగా తక్కువ పడుతుంది.

కూకట్‌పల్లి_క్లీనింగ్:
ఇది నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. బిల్లులు ఆలస్యమైతే ఏం చేస్తారు?

విశాఖ_హౌస్‌కీపింగ్:
ముందుగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేసుకోండి, అది ఉచితం. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదని 2006 నాటి చట్టం చెబుతోంది. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. 2024 ఏప్రిల్ నుంచి, ఆ గడువు దాటిన బాకీని కొనుగోలుదారు చెల్లించేదాకా ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోలేరు. ఈ సంగతి వారి అకౌంటెంటుకు మర్యాదగా గుర్తుచేస్తే మార్చి నెలలో చాలా బిల్లులు కదులుతాయి. టీడీఎస్ (బిల్లు చెల్లించేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను) కోత సొంత యాజమాన్య సంస్థకు 1 శాతం; పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు.

మాదాపూర్_అడ్మిన్:
వర్క్ ఆర్డరులో రెండు వైపులా 30 రోజుల నోటీసు, కనీస వేతనం పెరిగితే ధర పెంచే షరతు రాయించుకోండి. అడిగితే మేం కాదనము, అడిగేవారే తక్కువ.