గుంటూరు–విజయవాడ రోజూ తిరిగేవాళ్లు కాస్త సలహా చెప్పండి

నమస్కారమండీ. మాది గుంటూరు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు చూస్తాను. తెల్లారకముందే బస్సెక్కాలి. సాయంత్రం బెంజి సర్కిల్, వారధి ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి పాప నిద్రపోతుంది. ఆదివారం తప్ప దానితో మాట్లాడేదే లేదు, అదే నా బాధ.

మా ఆవిడ గుంటూరులో టీచరు, కాబట్టి విజయవాడ మారలేం. మధ్యలో మంగళగిరిలో ఇల్లు తీసుకుంటే ఇద్దరికీ కలిసొస్తుందా? అక్కడ అద్దెలు, నీళ్లు ఎలా ఉన్నాయి? రైలు సీజన్ టికెట్‌తో వెళ్లేవాళ్లు టైముకు చేరగలుగుతున్నారా?

ఇంకోటి. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలని చట్టంలో ఉంది. నాకు డబ్బు కన్నా గంట ముందు వదలడమే ముఖ్యం. ఓనరును నొప్పించకుండా ఇలా అడిగి ఒప్పించినవాళ్లుంటే, ఏమని అడిగారో చెప్పరూ?