అంగన్‌వాడీకి టీవీ వచ్చింది, పిల్లలకి ఎంతసేపు పెట్టాలి?

ప్రశ్న: అంగన్‌వాడీ టీచర్, కామారెడ్డి జిల్లా

అందరికీ నమస్కారం. మా సెంటర్‌కి ఈమధ్యే స్మార్ట్ టీవీ ఇచ్చారు. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇరవై మంది దాకా వస్తారు. టీవీ పెడితే అందరూ కదలకుండా కూర్చుంటారు. ఆయాకి వంట, నాకు రిజిస్టర్ల పని అయిపోతోంది. కానీ ఆపగానే ఏడుపులు. చింతగింజలు, బొమ్మల డబ్బా తీసినా దగ్గరికి రావట్లేదు. తల్లులేమో "ప్రైవేటు స్కూల్లోలాగా ఇంగ్లిష్ రైమ్స్ పెట్టండి మేడమ్" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మీ సెంటర్లలో ఎలా చేస్తున్నారు?

జవాబు: అంగన్‌వాడీ టీచర్, శ్రీకాకుళం జిల్లా

చెల్లీ, కదలకుండా కూర్చున్నారంటే నేనైతే కంగారు పడతాను. ఆ వయసులో వాగుతూ, తోసుకుంటూ, చేతులు పెట్టి కెలుకుతూనే నేర్చుకుంటారు. మూడు, నాలుగేళ్ల పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసేది రోజుకి గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇంట్లో అన్నం తింటూ చూసే ఫోన్ కూడా ఆ గంటలోదే. ఇక మనకి మిగిలేది ఎంత?

నేను మా టీవీకి ఇంటర్నెట్ కలపను. వీడియో ముందే నేను చూసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాను. ఒకటి అవగానే ఇంకోటి దానంతట అదే మొదలవదు కాబట్టి ఏడుపు చాలా తగ్గింది.

మా ఊరు సముద్రం పక్కనే. పిల్లలకి వల తెలుసు, తెప్ప తెలుసు, ఒంటె తెలీదు. అందుకే ఒంటె నడిచే వీడియో కొంచెం చూపించి, మధ్యలో ఆపి, "ఇసకలో దాని కాలు ఎందుకు దిగబడట్లేదు?" అని అడిగాను. ఒక పిల్ల లేచి తెర దగ్గరికెళ్లి ఆ పాదం మీద తన అరచెయ్యి పెట్టింది. "పెద్దగుంది టీచర్!" అంది. వెంటనే టీవీ కట్టేసి అందరినీ ఇసకలోకి తీసుకెళ్లాను. సన్న కర్ర గుచ్చి చూశారు, వెడల్పాటి చెక్క పెట్టి నొక్కి చూశారు. అన్నం వేళయినా లోపలికి రాలేదు. నాకు టీవీ ఇలాంటి పనికే కావాలి.

నిజానికి ఫోన్ కెమెరా ఇంకా బాగా ఉపయోగపడింది. తడిగుడ్డలో మెంతులు మొలకెత్తుతుంటే రోజూ పిల్లల చేతే ఫొటో తీయించాను. తర్వాత ఆ ఫొటోలు కలిపేసి చూపిస్తే, ఏది ముందు, ఏది తర్వాత అని పోట్లాడుకుని మరీ వరస చెప్పారు.

జవాబు: ప్లేస్కూల్ టీచర్, హైదరాబాద్

ప్రైవేటు అనగానే తల్లులకి స్క్రీనే గుర్తొస్తోంది, అది బాధగా ఉంది. బాగా చిన్నపిల్లలు తెర మీద చూసినదానికంటే మనిషి ఎదురుగా చేసి చూపించినదాన్నే బాగా పట్టుకుంటారని పరిశోధనల్లో చాలాసార్లు తేలింది. ఇంగ్లిష్ పాటే కావాలంటే మీరు నేర్చుకుని చేతులు ఊపుతూ పాడండి అక్కా. ఉచ్చారణ గురించి భయపడొద్దు. అంగన్‌వాడీకి తల్లిదండ్రుల్ని పిలిచే ఈసీసీఈ డే రోజు తల్లుల్ని కూర్చోబెట్టి పిల్లల చేత అదే పాట పాడించండి. ఒక్క మాట, పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అక్కా. మరి ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ (సెంటర్ వివరాలు ఎక్కించే ప్రభుత్వ యాప్) ఎంట్రీలు ఎప్పుడు చేస్తారు? అప్పుడు పిల్లల్ని ఎవరు చూస్తారు?

జవాబు: అంగన్‌వాడీ టీచర్, శ్రీకాకుళం జిల్లా

పొద్దున్నే హాజరు వేసేసి ఫోన్ బీరువాలో పెడతాను. మిగతా ఎంట్రీలు పిల్లలు పడుకున్నాక. కొన్ని రోజులు సర్వర్ అప్పుడే మొరాయిస్తుంది, ఇంటికెళ్లి చేసుకోవాల్సొస్తుంది. అది మనకి భారమే, మీటింగుల్లో గట్టిగా చెప్పాల్సిన విషయమే. అయినా పిల్లలు మేలుకుని ఉన్నంతసేపు టీవీకి అప్పజెప్పి మనం ఫోన్ చూసుకోకూడదు చెల్లీ. రేపు ముందు ఆ టీవీ మీద గుడ్డ కప్పేసి, చింతగింజలు నేల మీద పోసి నువ్వే కూర్చుని ఆడటం మొదలుపెట్టు. ఎవరినీ పిలవకు, వాళ్లే వస్తారు.