నలభైకి దగ్గరపడ్డాక పది రాస్తానంటే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

హన్మకొండ నుంచి:
అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. ఇప్పుడు హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేస్తున్నాను. 1998లో ఏడో తరగతి మధ్యలో బడి మాన్పించారు. ఆ ఏడు లద్దెపురుగు పత్తిని తినేసింది. మందుల షాపు బాకీ తీరక మా బాపు నన్నూ చెల్లెనూ మిరపకాయలు ఏరడానికి పంపాడు. ఆయన్ని తప్పుపట్టను. అప్పుడు మా జిల్లాలో ఎందరో రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయారు.

ఇప్పుడు ఓపెన్ టెన్త్ రాయాలని ఉంది. జీతం కోసమే కాదు. నైట్ డ్యూటీలో సిస్టర్ ఫలానా ఇంజెక్షన్ పట్రమ్మంటుంది. ఫ్రిజ్‌లో ఒకే రంగు మూతల సీసాలు రెండు రకాలుంటాయి. ఖాళీ సీసా చేతిలో పట్టుకుని, పేరులోని ఒక్కో అక్షరం ఆకారం చూసి పోల్చుకుంటాను. తప్పు తెస్తానేమోనని ప్రతిసారీ టెన్షనే. ఆ పేరు చదివి తేవాలి నేను.

మా ఆయన వద్దనడు. కానీ పెద్దోడి డిగ్రీ, చిన్నదాని ఇంటర్ ఉన్నాయి, నీకెక్కణ్నుంచి తేవాలంటాడు. సంఘంలో బర్రెకైతే అప్పిస్తామన్నారు. ఆసుపత్రిలో అడిగితే, చదువుకుంటే మానేసి పోతావన్నారు. అసలు ఈ ఖర్చు ఎవరిది?

హుజూరాబాద్, రిటైర్డ్ టీచర్:
చెల్లెమ్మా, పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పించేందుకు పదేళ్లలో, అంటే 1960 నాటికి, ప్రభుత్వం పూనుకోవాలని రాజ్యాంగం 45వ అధికరణలో రాసుకున్నాం. అది చట్టంగా అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఆ మధ్యలో బడి పోగొట్టుకున్నదానివి నువ్వు. నా లెక్కన ప్రభుత్వం నీకు బాకీ ఉంది. పది దాకా ఒక్క రూపాయి నీతో కట్టించుకోకూడదు.

ఇప్పటికైతే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో ఆడవాళ్లకు ఫీజు రాయితీ ఉంది. ఒకసారి చేరితే ఐదేళ్లు చెల్లుతుంది. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర్లేదు.

జగిత్యాల:
అక్కా, ఉన్నది ఒక్కరికే సరిపోతే పిల్లలకే పెట్టాలి. ఆడపిల్ల చదువు ఒక ఏడు ఆగిందంటే సంబంధాలు చూడటం మొదలుపెడతారు. నువ్వు ఏడాది ఆగితే ఏం పోదు.

భూపాలపల్లి:
ఏడాది ఆగితే ఏం పోదనుకునే కదా తమ్ముడూ ఆమె ఇన్నేళ్లు ఆగింది!

మా బాపు తర్వాత సింగరేణిలో ఆయన ఉద్యోగం నాకొచ్చింది. డ్యూటీ చేస్తూనే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టాను. ఫీజు ఎట్లాగో సర్దుకున్నా. కష్టమైంది ఆదివారం క్లాసులకు పోవడమే. తోటివాళ్లు షిఫ్టు మార్చుకోకపోతే నా డిగ్రీ అక్కడే ఆగిపోయేది. అందుకే చెప్తున్నా, ఆసుపత్రివాళ్లను డబ్బు అడగకు, ఆదివారం సెలవు అడుగు. పరీక్షల రోజులకు జీతంతో సెలవు అడుగు. పేరు చదివి మందు తెచ్చే ఆయా ఉంటే లాభం వాళ్లకే. మానేసి పోతావంటే, పాసయ్యాక రెండేళ్లు ఉంటానని రాసిస్తానను.

హన్మకొండ నుంచి:
ఆదివారం సెలవు అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఈ నెల డ్యూటీ చార్టు వేసేలోపే అడుగుతాను. జగిత్యాల తమ్ముడూ, మా చిన్నదాని ఫీజు ముట్టుకోను. రాత్రిపూట నాకు ఇంగ్లిష్ అక్షరాలు దిద్దిస్తున్నది అదే.

సార్, ఓపెన్ టెన్త్‌లో చేరాలంటే నేను చదివిన బడి నుంచి రికార్డ్ షీట్ కావాలంటున్నారు. మా ఊరి బడిని పక్కూరి బడిలో కలిపేశారు. ఎవరిని అడగాలి?

హుజూరాబాద్, రిటైర్డ్ టీచర్:
బడి కలిసిపోయినా అడ్మిషన్ రిజిస్టరు ఉండాలి. ముందు పక్కూరి హెడ్మాస్టరును అడుగు, అక్కడ లేకపోతే మండల విద్యాధికారి ఆఫీసులో. పెళ్లికి ముందు ఇంటిపేరుతో, బడిలో చేరిన ఏడు వేసి, కాగితం మీద రాసివ్వు.