గూగుల్ డేటా సెంటర్ వస్తే వైజాగ్‌లో గేమింగ్ పింగ్ తగ్గుతుందా?

గోపాలపట్నం_గన్నర్

ముందే చెప్పేస్తున్నా, నాకు నెట్‌వర్కింగ్ తెలీదు. ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా వాలొరెంట్ ఆడతాను. నాకున్న వ్యసనం అదొక్కటే. సిగరెట్ లేదు, క్రికెట్ బెట్టింగు లేదు, కాబట్టి ఇంట్లో కూడా పెద్దగా ఏమీ అనరు.

సెలవు రోజు పగటిపూట ఆడితే ముంబయి సర్వర్‌కి పింగ్ (సిగ్నల్ అక్కడికి వెళ్లి రావడానికి పట్టే టైము, మిల్లీసెకన్లలో) 38, 40 ఉంటుంది. రాత్రి అదే గేమ్, అదే ల్యాప్‌టాప్, కానీ 60కి పోతుంది, 180కి ఎగురుతుంది, మళ్లీ దిగుతుంది. ఎదుటివాణ్ణి కాల్చేశాననుకుంటా, చూస్తే చచ్చింది నేనే. హైదరాబాద్‌లో ఉన్న మా కాలేజీ బ్యాచ్ "తర్వాతి మ్యాచ్‌కి రెస్ట్ తీసుకోరా" అని మర్యాదగా తప్పిస్తున్నారు. ఆ మర్యాదే ఎక్కువ బాధ.

ఇంటి పరిస్థితి ఇదీ. రౌటర్ కింద హాల్లో టీవీ వెనక ఉంది. నేను ఆడేది మేడ మీద గదిలో, వైఫై మీద. ఆ టైములో నాన్న ఫోన్‌లో ప్రవచనం, మా ఆవిడ సిరీస్, మేనల్లుడు రీల్స్. గేటు దగ్గర ఒకటి, పెరటి వైపు ఒకటి సీసీ కెమెరాలు రోజంతా క్లౌడ్‌కి వీడియో పంపిస్తూనే ఉంటాయి. ప్లాన్ 100 ఎంబీపీఎస్. రౌటర్ పక్కన నిలబడి స్పీడ్ టెస్ట్ పెడితే 90 పైనే చూపిస్తోంది.

కనెక్షన్ వాళ్లకి ఫోన్ చేస్తే "300 ప్లాన్‌కి మారండి సార్, పింగ్ దానంతటదే తగ్గిపోద్ది" అన్నారు. మా ఓనరేమో "తర్లువాడలో గూగులోడు వస్తున్నాడు కదా, ఇంక ఇంటర్నెట్ మన ఊళ్లోనే ఉంటది, కొన్నాళ్లు ఓపిక పట్టు" అంటున్నాడు. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలి? నెలకి ఇంకో మూడొందలు పెట్టడం కష్టం కాదు, దండగైతేనే కడుపు మండుతుంది.

రుషికొండ_రైడర్

నాదీ ఇదే డౌటు అన్నా. మధురవాడలో హాస్టల్, ఫోన్‌లో 5జీ మీద బీజీఎంఐ (పబ్‌జీ ఇండియా వెర్షన్). గూగుల్ కాంపౌండ్ గోడకి ఆనుకుని కూర్చుంటే జీరో పింగ్ వస్తుందని మా రూమ్మేట్ సిద్ధాంతం. తెలిసినవాళ్లెవరైనా వచ్చి వాడి నోరు మూయించండి.

పింగ్ సమస్య పూర్తిగా పోయిన కాలం ఒకటుంది. 2022 జూలైలో స్టోర్ నుంచి గేమే తీసేశారు కదా, మళ్లీ 2023 మే నెలాఖరులో వచ్చేదాకా ఒక్కసారి కూడా ల్యాగ్ అవలేదు.

ఎల్‌ఓఎస్_ఎర్రలైటు

నాది ఫైబర్ స్ప్లైసింగ్ పని. సీతమ్మధార నుంచి అడవివరం దాకా స్తంభాలెక్కే బ్యాచ్. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

గూగుల్ సంగతి ముందు తేల్చేద్దాం. 2025 అక్టోబరు 14న వాళ్లు ప్రకటించింది ఏఐ హబ్. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయి డేటా సెంటర్, దాంతోపాటు సముద్రపు కేబుళ్లు ఒడ్డుకి చేరే గేట్‌వే. మీ గేమ్ సర్వర్ అందులో ఉంటుందని ఎవరూ అనలేదు. వాలొరెంట్ సర్వర్ ముంబయిలో ఉందంటే ఆ గేమ్ కంపెనీ అక్కడ పెట్టుకుంది గనక. మన పక్కవీధిలో ఎంత పెద్ద డేటా సెంటర్ లేచినా మీ తూటా ముంబయి వెళ్లి రావాల్సిందే.

ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీస్తే మనకీ ముంబయికీ 1100 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 11 మిల్లీసెకన్లు. అంతకంటే తగ్గించడం ఎవరి తరమూ కాదు. తీగ ఎలాగూ స్కేలు పెట్టినట్టు పోదు, ఏ హైదరాబాదో చెన్నయో చుట్టి, దారిలో ప్రతి రౌటర్ దగ్గరా ఆగి పోతుంది. ఆ లెక్కన మీ 38 మంచి నంబరే, దాని జోలికి వెళ్లకండి.

సింగపూర్ సర్వర్లలో ఆడేవాళ్లకి మాత్రం ఏదో కాస్త మిగలొచ్చు. చెన్నై, సింగపూర్ మధ్య 2002 నుంచే కేబుల్ ఉంది. రేపు మన తీరం నుంచే నేరుగా వేశారనుకోండి, చెన్నై దాకా పోయే 600 కిలోమీటర్లు తప్పుతాయి. రానూపోనూ 6 మిల్లీసెకన్లు. 60 ఫ్రేముల స్క్రీన్ మీద ఒక్క ఫ్రేమే 16 మిల్లీసెకన్లు దాటి ఉంటుంది. రుషికొండ తమ్ముడూ, ఇది మీ రూమ్మేట్‌కి చూపించు.

ఇక 300 ప్లాన్. గేమ్ వాడుకునే డేటా ఒక ఎంబీపీఎస్ చుట్టుపక్కల. 100 ఉన్నచోట 300 పోస్తే గేమ్‌కి ఒరిగేదేం లేదు. ఆ డబ్బు జేబులో ఉంచుకోండి.

మీ పోస్టులో నేను ఆగిపోయింది టీవీ వెనక రౌటర్ దగ్గర. మీకూ దానికీ మధ్య స్లాబ్, స్లాబ్ నిండా ఇనుము. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మేడ మీదకి వచ్చేసరికి నీరసించిపోయి ఉంటుంది, అందుకని ల్యాప్‌టాప్ 2.4కి దిగిపోతుంది. అక్కడ ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11, మూడే. రాత్రయ్యేసరికి వీధిలో ఉన్న రౌటర్లన్నీ ఆ మూడింట్లోనే కొట్టుకుంటాయి. పగలు జనం డ్యూటీల్లో ఉంటారు, మీకు ఖాళీ దొరుకుతుంది.

నా మాట నమ్మక్కర్లేదు, ఈ రాత్రి మీరే చూడండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మీ రౌటర్‌కే పింగ్ కొట్టండి (ping అని రాసి, పక్కన దాని అడ్రస్). చాలా ఇళ్లలో అడ్రస్ 192.168.1.1, కాకపోతే డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. సొంతింట్లో ఉన్న డబ్బాకి రెండు మూడు మిల్లీసెకన్లు చాలు. అక్కడే వందకి ఎగురుతుంటే ముంబయినీ కనెక్షన్ వాళ్లనీ తిట్టి లాభం లేదు.

వైఫై తర్వాత నా అనుమానం కెమెరాల మీద. అందరూ డౌన్‌లోడ్ చూసుకుంటారు, అప్‌లోడ్ ఎవరూ చూడరు. అది నిండిపోయిందంటే మీ గేమ్ ప్యాకెట్ పోర్టు రోడ్డులో కంటైనర్ లారీల వెనక ఇరుక్కున్న బైకే. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా కెమెరాలని మార్చండి. రౌటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్ (దేనికి ముందు దారివ్వాలో చెప్పే ఆప్షన్) ఉంటే ల్యాప్‌టాప్‌ని పైన పెట్టండి.

ఈ రెండూ సరిచేసినా ఎగిరితే అప్పుడు తప్పు మా వైపు. ఒక్క ఫైబర్ పోర్టుకి స్ప్లిట్టర్ వేసి 32 ఇళ్లకి ఇస్తారు, కొన్నిచోట్ల 64. అందరికీ కలిపి దిగేది 2.5 జీబీపీఎస్, ఎక్కేది 1.25. దానిపైన ఆపరేటరు కొనుక్కున్న లైనే రాత్రిపూట నిండిపోతుంటే మీరు 300 కాదు, 1000 తీసుకున్నా ఇంతే. ఫోన్లో ఈ ముక్క మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

జగదాంబ_నెట్‌కేఫ్

పైన చెప్పినదానికి నా ఓటు. వైఫై రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ముందుకి పంపే డబ్బా) మాత్రం కొనకండి. దాంతో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పింగ్ ఇంకా చెడుతుంది. ఒక క్యాట్‌6 నెట్‌వర్క్ వైరు తీసుకుని కిటికీలోంచి మేడ మీదకి లాగెయ్యండి. వంద మీటర్ల దాకా ఢోకా లేదు, మీ ఇల్లు అంత ఎత్తు ఉండదు కదా.

మా రోజుల్లో ద్వారకానగర్ కేఫుల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవాళ్లం. అన్ని సిస్టమ్‌లూ ఒకే గదిలో, ఒకే స్విచ్చుకి. పింగ్ అన్న మాటే ఎత్తేవాళ్లం కాదు, ఓడిపోతే మౌస్‌ని తిట్టేవాళ్లం. ఇంట్లో బీఎస్ఎన్ఎల్ ప్లాన్‌లో రాత్రి 2 నుంచి పొద్దున్న 8 దాకా డౌన్‌లోడ్ లెక్కలోకి వచ్చేది కాదు. అలారం పెట్టుకుని లేచి, గేమ్ డెమోలు పెట్టి పడుకునేవాణ్ణి. డిగ్రీలో ఫస్టవర్ క్లాసులు నేను పెద్దగా ఎరగను.

ఇంకోటి. 2014లో హుద్‌హుద్ తర్వాత మన ఊళ్లో కరెంటు తీగలు చాలాచోట్ల భూమిలోకి వెళ్లాయి. నెట్ తీగలు మాత్రం ఇంకా స్తంభాలకీ చెట్లకీ వేలాడుతూనే ఉన్నాయి. ఏఐ హబ్ కంటే ముందు ఆ చిక్కుముళ్లు తీస్తే బాగుండు.

ఎంవీపీ_సుడోకు

మీ పింగు గొడవ మీది. నేను ఆడేది ఫోన్‌లో సుడోకు, దానికి నెట్టే అక్కర్లేదు. డేటా సెంటర్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది నీళ్లు. ఆ మిషన్లు చల్లబడాలి కదా, అందుకు నీళ్లు వాడే పద్ధతైతే ఎక్కడివి తెస్తారు? మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు, వీటన్నింటినీ నమ్ముకునే ఊరు మనది. ఎండాకాలం ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ గ్రూపులో మా ఆడవాళ్లు పడే టెన్షన్ మీ మ్యాచుల్లో ఉండదు. ఉద్యోగాలొస్తాయంటే సంతోషమే, కాదనను. నీళ్ల లెక్క కూడా అడగాలి కదా అంటున్నాను.

గోపాలపట్నం బాబూ, మేడ మీదకి వైరు లాగే ముందు మీ ఆవిణ్ణి అడుగు. మా వారు చెప్పాపెట్టకుండా కొత్త పెయింటు గోడకి డ్రిల్లు పెట్టారు. ఆ కన్నం మీద ఇప్పుడు క్యాలెండర్ వేలాడుతోంది.

గోపాలపట్నం_గన్నర్

అందరికీ థ్యాంక్స్. ఎర్రలైటు అన్నా, మీరు చెప్పినట్టే రౌటర్‌కి పింగ్ కొట్టా. మేడ మీద నుంచి 4, 7, 95, 3, 140, ఇలా వచ్చింది. ల్యాప్‌టాప్ కిందికి పట్టుకెళ్లి వైరు పెడితే 1 దాటలేదు. మేడం గారూ, పర్మిషన్ దొరికింది, గోడకి కన్నం పెట్టకూడదన్న షరతు మీద. మెట్ల రెయిలింగ్ వెంట వైరు కట్టేశా. నాన్న బట్టలారేసే తీగనుకుని తువ్వాలు ఆరేశారు.

ఇప్పుడు గేమ్‌లో 39, 41, కదలట్లేదు. కెమెరాలు కూడా కదలికకే పెట్టాను. కానీ ఆదివారం రాత్రి మాత్రం వైరు మీద కూడా ఒక గంటసేపు 90కి పోయింది. ఆ టైములో రౌటర్‌కి కొడితే 1 మాత్రమే. అంటే మీరు చెప్పిన మూడోదేనా?

ఎల్‌ఓఎస్_ఎర్రలైటు

అదే. ఈసారి అలా అయినప్పుడు ఒక విండోలో రౌటర్‌కి, ఇంకో విండోలో 8.8.8.8కి (బయట ఉండే గూగుల్ సర్వర్ అది) పింగ్ పెట్టి, టైము కనపడేలా ఫొటో తియ్యండి. రెండు మూడు రాత్రులవి పోగయ్యాక కంప్లయింట్‌కి జత చెయ్యండి. "నెట్ స్లో" అని రాస్తే మాలాంటి వాణ్ణి పంపించి డబ్బా ఆపి ఆన్ చేయిస్తారు. "వైరు మీద రౌటర్‌కి 1, బయటికి 90" అని రాస్తే ఆ టికెట్ పైవాళ్లకి వెళ్లక తప్పదు. అప్పటికీ మళ్లీ 300 ప్లాన్ పాటే పాడితే, మీ వీధిలో వేరే ఆపరేటరు ఎవరున్నారో కనుక్కోండి. పక్కింటివాళ్లది వేరే కనెక్షన్ అయితే ఆదివారం రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్లింట్లో ఓ అరగంట కూర్చుని చూసి మరీ మారండి.