ఎల్‌ఈడీ వాల్ ముందు వేగంగా పాన్ చేస్తే బ్యాక్‌గ్రౌండ్ విరుగుతోంది, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో ఎల్‌ఈడీ వాల్ (బ్యాక్‌గ్రౌండ్ చూపించే పెద్ద స్క్రీన్) ముందు ఒక ఫైట్ సీక్వెన్స్ డైరెక్ట్ చేస్తున్నాను. బ్యాక్‌గ్రౌండ్ అన్‌రియల్ ఇంజిన్ 5లో (అప్పటికప్పుడు 3డీ దృశ్యాలు గీసే సాఫ్ట్‌వేర్). కదలిక తక్కువున్న షాట్లు చాలా బాగా వస్తున్నాయి. ఇబ్బందల్లా హీరో కత్తి తిప్పగానే కెమెరా విసురుగా పాన్ అయ్యే (పక్కకి తిరిగే) షాట్‌తోనే. జెన్‌లాక్ (కెమెరా, వాల్ ఫ్రేముల టైమింగ్ కలిపి ఉంచేది) సరిగానే ఉంది. అయినా ట్రాకింగ్ (కెమెరా కదలికను ఇంజిన్‌కి అందించేది) కొన్ని ఫ్రేములు వెనకబడి, ఇన్నర్ ఫ్రస్టమ్ (వాల్ మీద కెమెరాకి కనిపించే మేరకు దాని కోణం నుంచి గీసే భాగం) అంచు షాట్‌లోకి వచ్చేస్తోంది. గుడి గోపురం సరిగ్గా అక్కడ రెండు ముక్కలైనట్టు కనిపిస్తోంది. ఫ్రస్టమ్ వెడల్పు పెంచితే అంచు పోతుంది గానీ, రెండరింగ్ (దృశ్యం గీసే పని) బరువెక్కి సెకనుకు 24 ఫ్రేములు నిలబడటం లేదు. పాన్ నెమ్మదిగా చేయమంటున్నారు, కానీ ఆ విసురే సీన్‌కి ప్రాణం.

ఈ ఒక్క షాట్‌కి ఫ్రస్టమ్ లోపల గ్రీన్ పెట్టి, తర్వాత కంపోజిట్ చేయడం (ఆ గ్రీన్ స్థానంలో బ్యాక్‌గ్రౌండ్ కలపడం) మేలా? అప్పుడు కత్తి మీద ఆకుపచ్చ పడకుండా ఎలా చూసుకోవాలి? ఇలాంటి షాట్ తీసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.